ఓడ ఎక్కాలా, వద్దా? రేపు సాయంత్రం ఆరు లోపు తేలాలి

అక్క: నమస్కారం అండీ. చెన్నై విల్లివాక్కంలో మా ఇంట్లోనే రికార్డు చేస్తున్నాం. గురువారం రాత్రి, పది దాటింది. పిల్లలు పడుకున్నారు. తమ్ముడు పొద్దున బెంగళూరు నుంచి దిగాడు. ఈ వారం వేరే విషయం మాట్లాడదాం అనుకున్నాం గానీ, దాన్ని పక్కన పెట్టేశాం. రేపు సాయంత్రం ఆరు లోపు మా ఇంట్లో ఒకటి తేలాలి. ఆగస్టులో చెన్నై హార్బర్ నుంచి శ్రీలంక వెళ్లొచ్చే క్రూయిజ్ బుక్ చేశాం. తొమ్మిది మందిమి. దాన్ని ఉంచుకోవాలా, రద్దు చేయాలా అన్నది.

తమ్ముడు: తేలాక చెబుదాం అన్నాను. అక్క ఒప్పుకోలేదు.

అక్క: అయిపోయాక చెప్తే అంతా తేలిగ్గా అనిపిస్తుందిరా. మనలాగే నలుగుతున్నవాళ్లు ఎవరైనా వింటుంటే ఈ గుంజాటన కూడా వినాలి కదా. మొదట్నుంచి చెప్పు.

తమ్ముడు: నాన్నకి ఈ ఏడాది డెబ్బై నిండుతాయి. భీమరథ శాంతి చేయిద్దాం అంటే వద్దన్నాడు. "నాకు ఒడ్డు కనపడని చోట రెండు రోజులు ఉండాలనుందిరా" అన్నాడు. నెల్లూరులో పుట్టి పెరిగిన మనిషి. కుర్రతనంలో సైకిలు మీద మైపాడు వెళ్లి సముద్రం చూసొచ్చేవాడు. ఎప్పుడూ ఒడ్డునుంచే. పైగా నాన్న వాళ్ల తాత రంగం వెళ్లొచ్చినవాడు. ఇప్పటివాళ్లకి తెలియకపోవచ్చు, బర్మాలోని రంగూన్‌ని మన పెద్దవాళ్లు రంగం అనేవాళ్లు. మద్రాసు నుంచి, కాకినాడ నుంచి, విశాఖ నుంచి ఓడలెక్కి కూలి పనికి, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లేవారు. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నాక ఎంతోమంది కొండలూ అడవులూ దాటి నడిచే వచ్చారు. మా ముత్తాత అలా వచ్చినవాడే. నాన్న చిన్నప్పుడు విన్న కథలన్నీ ఆ ఓడ కథలే.

అక్క: 2023 జూన్‌లో కేంద్ర మంత్రి సోనోవాల్ గారు చెన్నైలో శ్రీలంకకి క్రూయిజ్ ప్రారంభించారు. హంబన్‌తోట, ట్రింకోమలీ, కంకేసన్‌తురై వెళ్లొచ్చే ఓడ. ఆ వార్త నాన్న పేపర్లోంచి కత్తిరించి ఎల్ఐసీ డైరీలో పెట్టుకున్నాడు. మేం అది చూశాకే ఈ ఆలోచన వచ్చింది.

తమ్ముడు: మార్చిలో బుక్ చేశాం. మొత్తం 3,24,000. అడ్వాన్సు 81,000 కట్టాం. మిగతా 2,43,000 రేపు సాయంత్రం ఆరు లోపు కట్టాలి.

అక్క: జూన్ మొదటి వారంలో నాన్నకి గుండెనొప్పి వచ్చింది. వేసవి సెలవులకని అమ్మా నాన్నా మా ఇంట్లోనే ఉన్నారు. రాత్రి రెండింటికి అమ్మ తలుపు కొట్టింది. ఆ వేళకి రోడ్లు ఖాళీ, ఇరవై నిమిషాల్లో ఆస్పత్రిలో ఉన్నాం. తెల్లారేలోపు స్టెంట్ వేశారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. పొద్దునా సాయంత్రం నడుస్తున్నాడు. ఓడ సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఐదు వారాలు!

తమ్ముడు: ఎత్తింది నేనే. ఉంచుదాం అన్నాను.

అక్క: నేను రద్దు చేద్దాం అన్నాను. ముందు డబ్బు సంగతి చెప్పేద్దాం, అందరికీ పనికొస్తుంది. రేపు ఆరు లోపు రద్దు చేస్తే అడ్వాన్సు పోతుంది. మిగతాది కట్టేశాక రద్దు చేస్తే మొత్తంలో సగం, అంటే 1,62,000 పోతుంది. బయల్దేరే ముందు పదిహేను రోజుల్లో అయితే పన్నులూ పోర్టు చార్జీలూ తప్ప రూపాయి రాదు. ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క ఉంటుంది గానీ, రోజు దగ్గరపడేకొద్దీ కోత పెరగడం మాత్రం అంతటా ఒకటే. మనం బయల్దేరే తేదీ వైపే చూస్తూ కూర్చుంటాం. అసలు చూసుకోవాల్సింది రెండో వాయిదా కట్టే తేదీ. క్యాలెండర్‌లో ఎర్రగా గుర్తు పెట్టుకోవాల్సింది అదే.

తమ్ముడు: ఏజెంటు బుక్ చేసేటప్పుడు "ఆరోగ్యం బాగోలేదంటే మొత్తం వెనక్కి వస్తుంది సార్" అన్నాడు. నమ్మేశాను. కాగితంలో ఎక్కడా ఆ మాట లేదు. మొన్న అడిగితే "నేనలా అనలేదే" అంటున్నాడు. నిజంగా బాధేసింది. నోటిమాటని అక్కడికక్కడే వాట్సాప్‌లో రాయించుకోవాల్సింది. ఇలాంటి పేచీలకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కానీ అక్కడైనా అడిగేది కాగితమే.

అక్క: ఇన్సూరెన్స్ గురించి కూడా చెప్పు.

తమ్ముడు: తీసుకోలేదు. మార్చిలో బుక్ చేసినరోజే తీసుకుని ఉంటే జూన్‌లో వచ్చిన జబ్బుకి క్లెయిమ్ అడగడానికి దారి ఉండేది. ఇప్పుడు తీసుకుంటే ఈ గుండె సంగతి ముందునుంచీ ఉన్న జబ్బు కిందకి వస్తుంది. ఆ పాలసీల్లో రద్దు చేసుకుంటే డబ్బిచ్చే కారణాల పట్టిక ఉంటుంది. జబ్బు, ఆస్పత్రిలో చేరడం, దగ్గరివాళ్లు పోవడం లాంటివి. మనసు మారిందంటే ఇవ్వరు. డబ్బు కట్టిన వారంలోనే తీసుకోండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను.

అక్క: సగంమందిమే వెళ్దాం అని కూడా ఒకరోజు అనుకున్నాం.

తమ్ముడు: అవును, అమ్మా నాన్నా ఉండిపోయి మిగతా ఏడుగురం. అక్కడ క్యాబిన్ల చిక్కొచ్చింది. మూడు క్యాబిన్లు, ఒక్కోదాంట్లో ముగ్గురు. అక్క పెద్దకొడుకు అమ్మావాళ్ల క్యాబిన్‌లో ఉన్నాడు. వాళ్లిద్దరూ రాకపోతే ఆ పిల్లాడు ఒక్కడే మిగులుతాడు. క్యాబిన్ ధరంతా ఇద్దరి లెక్కన ఉంటుంది, మూడోవాళ్లకి తగ్గిస్తారు. ఇద్దరు తగ్గారంటే మిగిలిన ఒక్కరి మీదే క్యాబిన్ బరువంతా పడుతుంది.

అక్క: నాకు అడ్డొచ్చింది క్యాబిన్ కాదు. నడిసముద్రంలో ఫోన్ సిగ్నల్ ఉండదు. వైఫై కొనుక్కుంటే ఉంటుందంటారు. నాన్నకి స్టెంట్ వేసి పది వారాలు కాకముందే ఆయన్ని నెల్లూరులో వదిలేసి, నేను డెక్ మీద కూర్చుని వైఫై గీతలు చూసుకుంటూ ఉండగలనా? ఉండలేను. ఆ మాట మీ బావతో అంటే ఆయన కూడా వెంటనే సరే అన్నాడు.

తమ్ముడు: తేదీ మార్చమనీ అడిగాం. డిశ్చార్జ్ సమ్మరీ, డాక్టర్ చీటీ పంపితే చూస్తామన్నారు. మనిషికి 2,000, ఆపైన ధరలో తేడా. కానీ ఇప్పటికి ప్రకటించిన తేదీల్లోనే ఎంచుకోవాలట. చెన్నై నుంచి ఉన్నవన్నీ సెప్టెంబరు లోపే. ఆ తర్వాత వానాకాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం సంగతి ఈ ఊళ్లో ఎవరికి చెప్పాలి?

అక్క: 2023 డిసెంబరులో మిచౌంగ్ అప్పుడు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు. ఆ నెలల్లో నాన్నని సముద్రం మీదకి పంపను. సరే, పొద్దున డాక్టర్ దగ్గర ఏం జరిగిందో చెప్పు. నాన్న పక్కన కూర్చున్నది నువ్వే.

తమ్ముడు: నేను ఓడ తరఫున వాదించడానికే వెళ్లాను. దాచుకోను. ఓడలో డాక్టర్ ఉంటాడు, చిన్న ఆస్పత్రి ఉంటుంది, లిఫ్ట్ ఉంటుంది అని రాసుకుని వెళ్లాను. డాక్టర్ గారు అంతా విని, "అక్కడ ఈసీజీ తీస్తారు, ఇంజెక్షన్ ఇస్తారు, స్టెంట్ వేసే యాంజియోప్లాస్టీ చేయగలరా?" అని అడిగారు. చేయలేరు. "మొన్న ఎన్ని నిమిషాల్లో వచ్చారు?" ఇరవై అన్నాను. "ట్రింకోమలీకి వెళ్లే దారిలో అయితే?"

అక్క: నువ్వేమన్నావు?

తమ్ముడు: ఏమీ అనలేకపోయాను. ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు అసలు తట్టనే లేదు. నాన్న రక్తం పలచబడే మాత్రలు రెండు రకాలు వేసుకుంటున్నాడు. స్టెంట్ వేసిన మొదటి నెలల్లో అవి ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఓడ ఊగి వాంతులయ్యాయనుకో, మాత్ర కడుపులో నిలిచిందో లేదో ఎలా తెలుస్తుంది? మళ్లీ వేయాలా, వద్దా? ఓడ మధ్యలో, కింది అంతస్తులో క్యాబిన్ తీసుకుంటే ఊపు తక్కువ ఉంటుందని మనం అలాంటివే ఎంచుకున్నాం. కానీ ఆగస్టు అంటే నైరుతి రుతుపవనాలు. లంకకి తూర్పున ట్రింకోమలీ వైపు నెమ్మదిగానే ఉంటుంది. దక్షిణాన హంబన్‌తోట వైపు అలలు పెద్దవి. డాక్టర్ గారు పూర్తిగా వద్దనలేదు. "ఇలాంటి ఆస్పత్రికి గంటన్నరలో చేరలేని చోటికి ఈ మూడు నెలలూ వద్దు. ఆ తర్వాత పరీక్షలు చూసి చెప్తాను" అన్నారు. అంతే.

అక్క: అంటే పొద్దున పదకొండుకే తేలిపోయింది కదా. మరి మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా ఉంచుదాం అని ఎందుకన్నావు?

తమ్ముడు: ... చెప్తాను. ఆ రాత్రి నేను లేను కదక్కా. నువ్వూ బావా మోసుకుని కార్లో పడుకోబెట్టారు. నేను మారతహళ్లిలో నిద్రపోతున్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. తెల్లారి ఫ్లైట్ దిగేసరికి అంతా అయిపోయింది. నాన్నకి నేను ఇస్తానన్నది ఈ ఓడ ఒక్కటే. అది కూడా లేకపోతే ఇంక నేను చేసిందేముంది అనిపించింది.

అక్క: ఒరేయ్... ఆ మాట నాతో అనొచ్చు కదా, ఐదు వారాలు.

తమ్ముడు: అనలేకపోయాను.

అక్క: నాదీ చెప్తాను. డాక్టర్ చెప్పకముందే నేను రద్దు అన్నాను చూడు, అది నాన్న గురించి ఆలోచించి అన్నది కాదు. రాత్రి తలుపు చప్పుడైతే ఇప్పటికీ ఉలిక్కిపడి లేస్తున్నాను. నాన్న మేడ మీదకి వెళ్లినా వెనకే వెళ్తున్నాను. ఓడే కాదు, నువ్వు తిరుపతి అన్నా వద్దనేదాన్ని. నా భయానికి నాన్నని ఇంట్లో కట్టేయాలని చూశాను. మొన్న నాన్న "నన్ను పేషెంటుని చేసి కూర్చోబెట్టకమ్మా" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

తమ్ముడు: ఈసారి నీ మాటా డాక్టర్ మాటా కలిశాయిలే.

అక్క: కలిశాయి. కానీ మూడు నెలలు అన్నారాయన, జీవితాంతం అనలేదు. అది నేను గుర్తుపెట్టుకోవాలి. సరే, అమ్మ సంగతి కూడా చెప్పాలి. అమ్మ మొదట్నుంచీ "నాకేం లేదు, మీ ఇష్టం" అంటోంది. నిన్న రాత్రి నూనె రాస్తుంటే మెల్లగా అడిగింది, "శాంకరీదేవి గుడి ఓడ దిగే చోటికి ఎంత దూరమే?" అని. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిది. ట్రింకోమలీలోనే, కోణేశ్వరం కొండ మీద. అమ్మ శ్రీశైలం, అలంపురం, ద్రాక్షారామం, పిఠాపురం, కంచి అన్నీ చూసింది. రోజూ దీపం దగ్గర పద్దెనిమిది పేర్లూ చదువుతుంది, మొదటి పేరు లంకది. ఇన్నాళ్లూ మనం నాన్న కోరిక అనుకుంటూ ఉన్నాం. ఆవిడ కోరిక ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

తమ్ముడు: నాకూ తెలియదు. బుక్ చేసినవాణ్ని నేనే, నాకే తెలియదు.

అక్క: ఆ గుడికి ఓడే అక్కర్లేదు. చెన్నై నుంచి కొలంబోకి ఫ్లైట్ గంటన్నర. అక్కణ్నుంచి ట్రింకోమలీకి కారులో వెళ్లొచ్చు. డాక్టర్ గారు సరేనన్నాక, వచ్చే వేసవిలో అమ్మని తీసుకెళ్దాం. ఇది ఇప్పుడే బుక్ చేయొద్దు.

తమ్ముడు: చేయను. మరి నాన్నకి ఎవరు చెప్తారు? పొద్దున ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు కార్లో ఒక్క మాట మాట్లాడలేదు.

అక్క: సాయంత్రం నేను చెప్పాను. నువ్వు టీకి బయటికి వెళ్లినప్పుడు. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి తన ఖర్చుల పుస్తకం తెచ్చి చూపించాడు. నలభై ఏళ్లుగా రాస్తున్నాడు కదా. జూన్ పేజీలో, ఆస్పత్రి బిల్లు కింద వరసలో, తన చేతిరాతతో "ఓడ – 81,000" అని ఉంది. ఖర్చు కింద రాసేసుకున్నాడు.

తమ్ముడు: జూన్‌లోనా?

అక్క: డిశ్చార్జ్ అయిన మర్నాడు. "మీరే తేల్చుకుంటారని చూస్తున్నాను, ఇన్నాళ్లు పట్టిందేంటమ్మా" అన్నాడు. కోపంగా కాదు. ఆ తర్వాత, "ఎనభై ఒక వెయ్యి పోయిందని ఇంకో రెండు లక్షల నలభై మూడు వేలు కట్టమంటే నేను ఒప్పుకుంటానా?" అని అడిగాడు.

తమ్ముడు: పేపర్ ముక్క?

అక్క: డైరీలోనే ఉంది. తీయలేదు.

తమ్ముడు: ఉండనీ.

అక్క: మెయిల్ రాశావు కదా, చదువు. వినేవాళ్లకీ పనికొస్తుంది.

తమ్ముడు: బుకింగ్ నంబరు, తొమ్మిది మంది పేర్లు, క్యాబిన్లు రాశాను. "వైద్య కారణాల వల్ల మూడు క్యాబిన్లూ రద్దు చేయండి. డిశ్చార్జ్ సమ్మరీ, నేటి తేదీతో డాక్టర్ లేఖ జతచేశాం. అడ్వాన్సులో పన్నులు, పోర్టు చార్జీల భాగం మీ నిబంధనల ప్రకారం తిరిగి ఇవ్వండి. మెయిల్ అందిన తేదీ, సమయం రాతపూర్వకంగా ధ్రువీకరించండి." ఏజెంటుకి కాపీ. ఫోన్లో చెప్తే సరిపోతుందని అన్నాడు, నేను మెయిలే పంపుతానన్నాను. గడువు లోపే పంపామని రుజువు ఉండాలి.

అక్క: పిల్లలకి పొద్దున నేను చెప్తాను. పెద్దాడు ఏడుస్తాడు.

తమ్ముడు: ఇద్దరం కలిసి చెబుదాం. శనివారం దాకా ఉంటాను. నాన్న కాశిమేడు వెళ్దామంటున్నాడు, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి. డాక్టర్ గారిని అడిగాను, నడవొచ్చు అన్నారు.

అక్క: ఎన్నింటికి?

తమ్ముడు: ఐదింటికి లేవాలి.

అక్క: నేనూ వస్తాను. వెనకాల కాదు, పక్కన నడుస్తాను. పంపు ఇంక.

తమ్ముడు: పంపాను. పది నలభై ఏడు.