కడప బండ మీద అష్టాచెమ్మా: పార్కులో పిల్లల్నీ పెద్దల్నీ కలిపే బల్ల

నమస్తే అండీ. ఇది ఎంవీపీ కాలనీలో ఓ చిన్న పార్కు. ఆ చివర ఉయ్యాలలు, పిల్లలు. ఈ చివర సిమెంటు బెంచీలు, పెద్దవాళ్లు. మధ్యలో అంతా ఖాళీ. వైజాగ్‌లో మీ వీధి పార్కు కూడా బహుశా ఇలాగే ఉంటుంది. పక్కింటి తాతగారి పేరు తెలియకుండానే పిల్లలు పెద్దవాళ్లైపోతున్నారు. నాకది చాలా బాధగా ఉంటుంది. ఈరోజు ఆ ఖాళీలో ఓ అష్టాచెమ్మా బల్ల కట్టిద్దాం.

ముందు అనుమతి. జీవీఎంసీ పార్కైతే కాలనీ సంఘం తరఫున వార్డు ఆఫీసులో అర్జీ ఇవ్వండి. అపార్ట్‌మెంటైతే అసోసియేషన్‌ని అడిగితే చాలు.

తర్వాత చోటు. సాయంత్రం నాలుగింటికి పార్కుకి వెళ్లి నీడ ఎటు పడుతోందో చూడండి. చెట్టు బల్లకి పడమర వైపు ఉండాలి. 2014 హుద్‌హుద్‌కి అన్నేసి చెట్లు పోగొట్టుకున్న మనకి నీడ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా కడప బండ నల్లది, ఎండ తగిలితే చెయ్యి పెట్టలేం.

బండ ఇదిగో, 80 సెంటీమీటర్ల చదరం. నేల మీద గీస్తే మోకాళ్ల నొప్పులవాళ్లు దగ్గరికే రారు, అందుకే ఇటుక దిమ్మె మీద 70 సెంటీమీటర్ల ఎత్తున పెట్టిస్తున్నాం. ఒక పక్క కాళ్లు దూరేంత ఖాళీ వదలమనండి, చక్రాల కుర్చీ లోపలికి వస్తుంది. అంచులు గుండ్రంగా అరగదీయించాలి.

ఇప్పుడు గడులు. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, ఒక్కోటి 12 సెంటీమీటర్లు. చుట్టూ మిగిలిన అంచు మోచేతులకి. ఒట్టి పెయింటుతో గీస్తే ఉప్పుగాలికి పెచ్చులూడిపోతుంది. రాళ్లు కోసే ఆయనతో గ్రైండర్ పెట్టి సన్నగా గాడి కోయించండి. దుమ్ము తుడిచి, ఆ గాడిలో తెల్ల ఎనామిల్ నింపండి. నాలుగు వైపులా మధ్య గడికీ, నట్టనడి గడికీ ఇంటూ గుర్తు. అంతే.

కుర్చీలు మాత్రం పాతించొద్దు. 1970ల్లో న్యూయార్క్‌లో విలియం హెచ్. వైట్ అనే పరిశోధకుడు జనం కూర్చునే బహిరంగ ప్రదేశాల్లో కెమెరాలు పెట్టి గమనించారు. కదిలే కుర్చీ దొరికితే మనిషి కూర్చునే ముందు దాన్ని కాస్త జరుపుకుంటాడట. చెవి సరిగా వినపడని మామ్మగారికి ఆ జరుపుకోవడం ఎంత అవసరమో! చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలైతే లేవడానికి పట్టు ఉంటుంది.

గవ్వలు కొనకండి. పిల్లల చేతికి నాలుగు చింతపిక్కలిచ్చి, ఒకవైపు తెల్లబడేదాకా గచ్చు మీద రుద్దమనండి. ఎలా రుద్దాలో మామ్మలే చూపిస్తారు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. మరీ చంటిపిల్లలకి పిక్కలు అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటారు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఆట నియమాల బోర్డు పెట్టకండి. ఒక్క కాయనైనా చంపితేగానీ లోపలి గడుల్లోకి పోకూడదని కొన్ని ఇళ్లలో పట్టు, కొన్ని ఇళ్లలో ఆ లెక్కే లేదు. "తాతగారూ, మీ ఊళ్లో ఎలా ఆడేవారు?" అని పిల్లలు అడగాలి. శ్రీకాకుళం తాతగారికీ భీమిలి మామ్మగారికీ కాస్త వాదన జరగాలి. ఆ వాదన కోసమే ఈ బల్ల.

మొదట్లో కొన్నాళ్లు ట్యూషన్ లేని ఆదివారం సాయంత్రాలే పెట్టుకోండి. పిక్కల డబ్బా ఎవరింట్లో ఉండాలో ముందే అనుకోండి, ఆ ఇల్లు పార్కు గేటుకి దగ్గరగా ఉంటే మేలు.