చీటీ కాదు, మందారం వెతకనివ్వండి

యాంకర్: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో మనతో ఉన్నది ముప్ఫై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి మేడమ్.

కాలర్: నమస్కారం మాస్టారూ. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. ఊరి పేరు వద్దులెండి. పదో తరగతికి ప్రత్యుత్పత్తి, అనువంశికత, పరిణామం మూడూ కలిపి ట్రెజర్ హంట్ పెట్టాను. ఇరవై చీటీలు బెంచీల కింద, కిటికీల మీద అతికించాను. పావుగంటలో గోలగోల. నలుగురు పిల్లలు జవాబులు రాసేశారు, మిగతావాళ్లు వాళ్ల చుట్టూ మూగి కాపీ కొట్టారు. హెడ్మాస్టర్ గారు తొంగిచూసి "ఏంటమ్మా ఈ సంత?" అన్నారు.

మాస్టారు: (నవ్వుతూ) చీటీల మీద ఏం రాశారు?

కాలర్: "మెండల్ ఏ మొక్క మీద ప్రయోగం చేశాడు", "పువ్వులో పురుష భాగం ఏది"... అలాంటివి.

మాస్టారు: అవి బిట్ పేపరు ప్రశ్నలమ్మా. కూర్చుని రాసేవాటిని పరుగెత్తించి రాయించారు, అంతే. జవాబు ఒక్క మాటైతే ఒకడికి తెలిస్తే చాలు, అందరికీ పాకిపోతుంది. వస్తువు తెమ్మంటే అలా కుదరదు. బళ్లో ఏం చెట్లున్నాయి?

కాలర్: మందారం, గులాబీ, గోడ మీద కాగితంపూల తీగ. వంటగది వెనక కాకరపాదు, నాలుగు బొప్పాయి చెట్లు. అందులో ఒకటి ఎప్పుడూ కాయదు.

మాస్టారు: ఇంకేం, సగం పాఠం అక్కడే ఉంది! "పూస్తుంది గానీ కాయదు, ఎందుకో పువ్వు చూసి చెప్పండి" అని చీటీ రాయండి. మగ చెట్టు పూలు పొడవాటి కాడలకి గుత్తులుగా వేలాడతాయి, ఆడ పూలు కాండానికి దగ్గరగా కూర్చుంటాయి. మందారమైతే కోసి తెమ్మనండి. కేసరాల గొట్టం చివర అయిదు చిన్న బొడిపెలుంటాయి, అవే కీలాగ్రాలు, పుప్పొడి పడే చోటు. గొట్టాన్ని మీరే బ్లేడుతో నిలువునా చీల్చి చూపించండి. లోపల దారంలాంటి కీలం కింద అండాశయం దాకా దిగుతుంది. ఆ దారం చూశాక ఫలదీకరణ బొమ్మ బోర్డు మీద వేస్తే ఎక్కుతుంది.

కాలర్: పరిణామం ఎలా మాస్టారూ? దానికి తెమ్మనడానికి ఏముంది?

మాస్టారు: ముళ్లు తెమ్మనండి. కాగితంపూల ముల్లు ఆకు మొదట్లోంచి పుడుతుంది. కాకర నులితీగా అక్కడి నుంచే. ఒకటి గుచ్చుతుంది, ఒకటి అల్లుకుంటుంది, పుట్టిన చోటు మాత్రం ఒకటే. నిర్మాణసామ్యం అంటే అదే. గులాబీ ముల్లు అలా కాదు. కాండం మీద ఎక్కడపడితే అక్కడ ఉంటుంది, వేలితో పక్కకి నొక్కితే తొక్కతో ఊడొస్తుంది. పని చూస్తే కాగితంపూల ముల్లుకి చుట్టంలా ఉంటుంది, పుట్టుక చూస్తే కాదు.

కాలర్: అష్టాచెమ్మా చింతపిక్కలతో మెండల్ నిష్పత్తి, అదే మూడు గుండ్రటి బఠానీలకి ఒక ముడతల బఠానీ లెక్క, ఆడిద్దామనుకుంటున్నాను.

మాస్టారు: సరదాగానే ఉంటుంది గానీ, పిక్క ఒకవైపు ఉబ్బు, ఒకవైపు చదును. రెండువైపులా సమానంగా పడదు. రూపాయి బిళ్లలు నయం. జట్టుకి రెండు, ఒకటి తల్లి మొక్క ఇచ్చేది, ఒకటి తండ్రి మొక్క ఇచ్చేది అనుకోమనండి. ఒక్క బొమ్మ పడినా గుండ్రటి గింజ, రెండూ బొరుసైతేనే ముడతల గింజ. పదిసార్లు వేస్తే 3:1 రాకపోవచ్చు, తప్పు చేశామని పిల్లలు కంగారుపడతారు. అన్ని జట్ల లెక్కా బోర్డు మీద కలపండి. మెండల్ లెక్కపెట్టినవి 7,324 గింజలు. 5,474 గుండ్రం, 1,850 ముడతలు. ఆయనకీ సరిగ్గా మూడు రాలేదు, 2.96 వచ్చింది.

కాలర్: మనుషుల ప్రత్యుత్పత్తి చీటీలు చూసి మగపిల్లలు కిసకిసలు...

మాస్టారు: అది వేటలో పెట్టకండి. నిదానంగా కూర్చోబెట్టి చెప్పాల్సిన పాఠం. ఒక్కటి మాత్రం బిళ్లతో ఆడించండి. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే, తండ్రి ఇచ్చేది ఎక్స్ కావచ్చు, వై కావచ్చు. ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని దెప్పే ఇళ్లు ఇంకా ఉన్నాయి మరి.

యాంకర్: థాంక్యూ మేడమ్. నిజామాబాద్ వైపు నుంచి ఇంకో కాల్.

కాలర్: నమస్తే సార్. మా పాప టెన్త్. ఇలాంటి ఆటలోనే ఇంట్లో అందరి చెవి తమ్మెలూ చూసి రాసుకురమ్మన్నారట. నాకూ మా ఆవిడకీ అతుక్కుని ఉంటాయి. పాపకు వేలాడుతుంటాయి. అతుక్కున్న తమ్మెల వాళ్లకి వేలాడే తమ్మెల పిల్లలు పుట్టరని క్లాసులో ఎవరో అన్నారట. రెండు రోజులుగా సరిగా తినట్లేదు సార్.

మాస్టారు: అయ్యో. బాబూ, తమ్మె ఒక్క జన్యువు పని కాదు. 2017లో వచ్చిన పరిశోధనలో దానితో సంబంధం ఉన్న చోట్లు మన జన్యువుల్లో 49 కనిపించాయి. మీ ఇద్దరికీ అలా ఉండి పాపకు ఇలా ఉండటంలో వింతేమీ లేదు. నాలుక మడవడమూ అంతే. అది వంశపారంపర్యమని 1940లో రాసిన జన్యుశాస్త్రవేత్త స్టర్టివెంటే తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అచ్చం ఒకేలా ఉండే కవలల్లోనూ ఒకరు మడవగలరు, ఇంకొకరు మడవలేరు. పైగా ఏ క్లాసులోనైనా తండ్రి లేనివాళ్లు, దత్తతకి వచ్చినవాళ్లు ఉంటారు. ఇంటి లెక్కలు వేటలో పెట్టకూడదు. పాప పక్కనుందా?

కాలర్: ఇదిగో సార్, ఇస్తున్నా.

అమ్మాయి: నమస్తే సార్. విన్నాను. మరి పరీక్షలో ఏం రాయాలి సార్?

మాస్టారు: బఠానీలే రాయమ్మా. గుండ్రం, ముడతలు. వాటితో పేచీ లేదు.