జులై నాలుగు, బ్రాడీపేట: వెబ్ డైరెక్టరీలతో మనకు పనేమిటి?

[తెర మీద: ఎక్సెల్ షీటు. చిరునామా గడుల్లో ‘04-జులై’, ‘బ్రాడీపేట’, ‘గుంటూరు’]

నమస్కారం. ఈ చిరునామా ఎక్కడుందో చెప్పగలరా? గుంటూరులో పుట్టి పెరిగిన నాకే తెలియదు.

బ్రాడీపేటలో మా పిన్నిగారికి పచ్చళ్ల కొట్టు ఉంది. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. మన ఊళ్లో అంత పొడుగు ఎవరు రాస్తారు? 4/7 అంటే చాలు, ఆటో నేరుగా గుమ్మం ముందు ఆగుతుంది. ఆవిడకు వెబ్‌సైటు నేనే చేసిపెట్టాను. వారం తిరక్కముందే ఒకాయన ఫోన్ చేశాడు. ‘మీ సైటును 500 డైరెక్టరీలలో చేరుస్తాం, నాలుగు వేలు ఇవ్వండి, గూగుల్‌లో మొదటి పేజీ మీదే’ అన్నాడట. డైరెక్టరీ అంటే వెబ్‌సైట్లను వర్గాలవారీగా చూపే జాబితా. పిన్ని నాతో ఒక మాటైనా అనకుండా డబ్బు పంపేసింది. ఆయన పిన్ని కొట్టు వివరాలను ఎక్సెల్‌లో ఎక్కించాడు. 4/7ను ఎక్సెల్ తేదీ అనుకుంది. ఆ తేదీయే చిరునామాగా ఆ డైరెక్టరీలన్నిటా ఎక్కింది.

[తెర మీద: పాత యాహూ పేజీ, వర్గాల జాబితా]

ఈ డైరెక్టరీలకు ఒకప్పుడు నిజంగానే విలువ ఉండేది. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో సైట్లను వర్గాలుగా పేర్చుకున్న జాబితాయే యాహూ అయింది. 1998లో మొదలైన డీమోజ్ అనే డైరెక్టరీలో స్వచ్ఛందంగా పనిచేసే సంపాదకులు ఒక్కో సైటునూ తెరిచి చూసి, నచ్చితేనే చేర్చేవారు. నెలల తరబడి ఎదురుచూసినా జవాబు రాని వాళ్లు బోలెడంతమంది. మనిషి చూసి ఒప్పుకున్నాడు కాబట్టే ఆ లింకుకు గౌరవం. ఒక సైటుకు వేరే సైట్లు ఇచ్చే లింకులను గూగుల్ సిఫారసుల్లా లెక్కలోకి తీసుకోవడంతో, సిఫారసులు అమ్మే దుకాణాలు వెలిశాయి. ఎవరూ చూడరు, ఎవరూ కాదనరు, ఫారం నింపితే చాలు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ తన వెతుకులాట పద్ధతిలో ‘పెంగ్విన్’ అనే మార్పు తెచ్చి ఇలాంటి లింకుల మీద వేటు వేసింది. 2014 చివర్లో యాహూ డైరెక్టరీ, 2017 మార్చిలో డీమోజ్ మూతపడ్డాయి. ఫోన్లు చేసేవాళ్లకు మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు!

ఆయన పిన్నికి పంపిన షీటులోంచి ఒక లింకు తెరిచాను. గోంగూర పచ్చడికి పైన ఆన్‌లైన్ జూదం, కింద అప్పులిచ్చే యాప్. ఆ పేజీకి వచ్చి పచ్చడి కొనేవాడు ఉంటాడా? అలాంటి లింకులను గూగుల్ చాలావరకు పట్టించుకోదు. కాబట్టి పోయింది నాలుగు వేలే అనుకున్నాను. తప్పు చిరునామా మాత్రం పోలేదు, అక్కడే కూర్చుంది.

[తెర మీద: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్]

మీరు చేయాల్సింది కొంచెమే. ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లోనూ దాని మ్యాపులోనూ మీ కొట్టు వివరాలు చూపే పేజీ, దీనికి రూపాయి ఖర్చు లేదు. తర్వాత మీ కొనుగోలుదారులు నిజంగా వెతికే చోట్లు. చిల్లరగా అమ్మేవాళ్లకు జస్ట్‌డయల్ పనికొస్తుంది. మిర్చి యార్డు దగ్గర టోకున అమ్మేవాళ్లకైతే ఇండియామార్ట్ మేలు. వర్గం ఎంచుకునేటప్పుడు ‘ఆహారం’ అని వదిలేయకండి, ‘పచ్చళ్లు’ దొరికితే అదే పెట్టండి. కొత్త సైటు సంగతి గూగుల్‌కు తెలియజేయడానికి గూగుల్‌వారి సెర్చ్ కన్సోల్ అనే పేజీలో సైట్‌మ్యాప్, అంటే మీ సైటులోని పేజీల జాబితా, ఇస్తే సరిపోతుంది, అదీ ఉచితమే.

కొట్టు పేరు, చిరునామా, ఫోన్ నంబరు అన్నిచోట్లా అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. మేమిప్పుడు ‘4వ లైను, 7వ అడ్డరోడ్డు, బ్రాడీపేట, గుంటూరు 522002’ అని పూర్తిగా రాస్తున్నాం. ఎక్సెల్ వాడక తప్పకపోతే ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి.

పాత తప్పులు దిద్దమని ఆ డైరెక్టరీలకు రాశాను. మూడే మూడు దిద్దాయి. మొన్న తెనాలి నుంచి ఒకాయన పిన్నికి ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా అడిగాడట: ‘అమ్మా, మీ కొట్టు జులై నాలుగున మాత్రమే తెరుస్తారా?’