4కె కొంటే ఎక్కువ కనిపిస్తుందా?

హోస్ట్: నమస్కారం. ఆఫీసు పనికి లాప్‌టాప్ కొనేటప్పుడు స్క్రీన్ రిజల్యూషన్ ఎంత ఉంటే చాలు? ఈ ఎపిసోడ్ అంతా దీని గురించే. మనతో ఉన్న అక్క ఐటీ సపోర్ట్‌లో పనిచేస్తారు. ఆఫీసులో లాప్‌టాప్‌లు ఎంపిక చేసేదీ, సెట్ చేసి చేతికిచ్చేదీ ఆవిడే. అక్కా, సూటిగా అడిగేస్తా. రిజల్యూషన్ ఎక్కువుంటే స్క్రీన్ మీద ఎక్కువ పడుతుంది, అంతే కదా?

అతిథి: అందరూ అలాగే అనుకుంటారు. అంకెలు చూస్తే అలాగే అనిపిస్తుంది మరి. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 బై 1080, ఇరవై లక్షల పైచిలుకు పిక్సెల్స్, అంటే స్క్రీన్ మీద బొమ్మని కట్టే చిన్న చిన్న చుక్కలు. 4కె అంటే 3840 బై 2160, సరిగ్గా దానికి నాలుగింతలు. కానీ 14 అంగుళాల లాప్‌టాప్‌లో ఆ 4కెని 100 శాతం స్కేలింగ్‌లో పెట్టి చూడు. మెనూలో అక్షరాలు చీమల బారులా ఉంటాయి. చదవలేవు.

హోస్ట్: స్కేలింగ్ అంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 125, 150 అని ఉంటుంది, అదేనా?

అతిథి: అదే. అక్షరాల్నీ బొమ్మల్నీ ఎంత పెద్దగా చూపించాలో చెప్పే అంకె. అసలు సంగతంతా అక్కడే ఉంది. ఫుల్ హెచ్‌డీని 125 శాతంలో వాడుతున్నావనుకో, రెండంకెల్నీ 1.25తో భాగిస్తే పనికి మిగిలే జాగా 1536 బై 864. ఇప్పుడు 4కెని 250 శాతంలో పెట్టు. రెండున్నరతో భాగిస్తే ఎంతొస్తుంది?

హోస్ట్: 3840కి... 1536. 2160కి 864. అరె, రెండూ ఒకటే!

అతిథి: ఒకటే. ఎక్సెల్‌లో అవే వరుసలు, అవే కాలమ్స్. ఒక్కటి కూడా ఎక్కువ రాదు. అక్షరాల అంచులు మాత్రం నున్నగా ఉంటాయి. డబ్బు పెట్టింది ఆ నునుపుకే, జాగాకి కాదు. ఇది తెలిసి కొంటే ఇబ్బంది లేదు, తెలియక కొన్నవాళ్లే నా టేబుల్ దగ్గరికి వస్తారు.

హోస్ట్: మరి ముందు దేన్ని చూసుకోవాలి?

అతిథి: నీకు ఏ సైజు అక్షరం హాయిగా చదవొచ్చో అది ముందు తేల్చుకో. ఆ సైజు పెట్టాక ఎంత జాగా మిగులుతుందో లెక్కేసుకో. మ్యాక్‌లో ఈ విషయం ఉన్నదున్నట్టు చెప్తారు చూడు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఒక చివర లార్జర్ టెక్స్ట్, ఇంకో చివర మోర్ స్పేస్ అని ఉంటుంది. రెండూ కలిపి రావు, ఎంత కావాలో నువ్వే తేల్చుకోవాలి. నీ లాప్‌టాప్ ఎంత?

హోస్ట్: 15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ. ఆగు, సెట్టింగ్స్ చూస్తున్నా... 150లో ఉంది. నేనెప్పుడూ ముట్టుకోలేదు.

అతిథి: అంటే నువ్వు 1280 బై 720లో సర్దుకుంటున్నావన్నమాట. 125కి దించు.

హోస్ట్: దించా. ఓ, మెయిల్ లిస్టు కిందికి సాగింది. అక్షరం కాస్త చిన్నదైంది గానీ చదవగలుగుతున్నా.

అతిథి: 720 నుంచి 864కి వచ్చావు, ఎత్తులో 20 శాతం ఎక్కువ. రూపాయి ఖర్చు లేదు. అయితే నీ కళ్లకి సరిపడిందని వేరేవాళ్లకి అదే పెట్టకూడదు. చత్వారం వచ్చినవాళ్లకి 150 కావాలంటే 150 ఉండాల్సిందే.

హోస్ట్: నునుపు అన్నావు కదా. ఆ తేడా నిజంగా కంటికి తెలుస్తుందా, లేక ప్రకటనల మాటేనా?

అతిథి: తెలుస్తుంది, కానీ దానికో హద్దుంది. మామూలు చూపు డిగ్రీలో 60వ వంతు వరకు వివరం పట్టగలదని కంటి పరీక్షల లెక్క. స్క్రీన్ 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, అది అంగుళానికి సుమారు 145 పిక్సెల్స్ అవుతుంది. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 157 ఉంటాయి, నీ 15.6లో 141. అంటే వెనక్కి కూర్చుని పని చేసేవాడికి ఫుల్ హెచ్‌డీ దాదాపు సరిపోయినట్టే. కానీ లాప్‌టాప్ ముందు ఎవరు అలా కూర్చుంటారు? ముందుకి వంగిపోతాం. 40 సెంటీమీటర్ల దగ్గరికి వస్తే ఆ లెక్క 218 అవుతుంది. 14 అంగుళాల్లో 2560 బై 1600 స్క్రీన్‌కి 216 ఉంటాయి. అందుకే ఆ స్క్రీన్ చూడగానే ‘అబ్బ, ఎంత బాగుంది’ అంటారు. అక్కడి నుంచి 4కెకి వెళ్తే అంత తేడా పట్టుకోవడం కష్టం.

హోస్ట్: రోజంతా తెలుగులో చదివేవాళ్లకి, రాసేవాళ్లకి?

అతిథి: మంచి మాట అడిగావు. ఇంగ్లిష్ అక్షరం తక్కువ పిక్సెల్స్‌తో సరిపెట్టుకుంటుంది. మనకి తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు... అన్నీ ఒక్క అక్షరంలోనే ఇమడాలి. పాత 1366 బై 768 స్క్రీన్ 15.6 అంగుళాల్లో ఉంటే అంగుళానికి 100 పిక్సెల్సే. అందులో చిన్న సైజులో ‘రాష్ట్రం’ అని టైప్ చేసి చూడు, కింది ఒత్తులు రెండూ ముద్దైపోతాయి. ప్రూఫులు దిద్దేవాళ్లకి నేను 2560 బై 1600 ఇవ్వమనే చెప్తా. ఆ 1366 స్క్రీన్ మాత్రం ఇప్పుడు ఎవరూ కొనకండి, ఎంత చవకగా వచ్చినా సరే.

హోస్ట్: 1080కి బదులు 1200 అని కొన్నింటిలో ఉంటుంది. ఆ 120తో ఏమొస్తుంది?

అతిథి: నన్నడిగితే 4కె కన్నా అదే ముఖ్యం. 1920 బై 1200 అంటే 16:10 స్క్రీన్, అడ్డంగా అంతే, నిలువు పెరుగుతుంది. ఆఫీసు పనంతా నిలువులోనే కదా. డాక్యుమెంట్లు, మెయిల్స్, కోడ్ అన్నీ కిందికే పోతాయి. పైన రిబ్బన్, కింద టాస్క్‌బార్ తినేశాక మిగిలేదే కొంచెం. 125 శాతంలో ఎక్సెల్ మామూలు వరుస 25 పిక్సెల్స్ పడుతుంది, అంటే ఇంకో నాలుగైదు వరుసలు కళ్లముందు ఉంటాయి. జీతాల షీటు చూసే అకౌంటెంట్‌కి ఆ నాలుగైదు వరుసల విలువ తెలుస్తుంది.

హోస్ట్: ఎక్కువ రిజల్యూషన్‌కి బ్యాటరీ ఎక్కువ తింటుందంటారు.

అతిథి: తింటుంది. ఎల్‌సీడీలో పిక్సెల్ చిన్నదయ్యేకొద్దీ వెనకున్న లైటు తక్కువ బయటికొస్తుంది, కాబట్టి ఆ లైటు ఇంకా పెంచాలి. పైగా అన్ని పిక్సెల్స్‌ని గ్రాఫిక్స్ చిప్ నింపాలి. అయితే బ్యాటరీ ఆదా అవుతుందని సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌నే తగ్గించేవాళ్లున్నారు, అది మాత్రం వద్దు. ప్యానెల్‌లో పిక్సెల్స్ ఎన్నున్నాయో అన్నే ఉంటాయి. వేరే అంకె పెడితే బొమ్మని సాగదీసి సర్దుతుంది, అక్షరాలు మసకబారతాయి. రికమెండెడ్ అని ఉన్నదాన్ని అలాగే ఉంచి స్కేలింగ్ మార్చుకోండి.

హోస్ట్: ఎక్స్‌టర్నల్ మానిటర్ పెట్టుకునేవాళ్ల సంగతి?

అతిథి: వాళ్లకి తలనొప్పి వేరే ఉంటుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 92 పిక్సెల్స్, అది 100 శాతంలో ఉంటుంది. పక్కన లాప్‌టాప్ ఏ 200 శాతంలోనో ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్ విండోని ఇటు నుంచి అటు లాగగానే మసకబారిపోతుంది. అలాంటప్పుడు సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి వస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఆఫీసులో పాత ప్రోగ్రామ్‌లు ఎక్కువుంటే, రెండు స్క్రీన్ల స్కేలింగ్ దగ్గర దగ్గరగా ఉండేలా కొనుక్కోవడం మంచిది.

హోస్ట్: రోజంతా మానిటర్ మీదే పని చేస్తే?

అతిథి: అయితే లాప్‌టాప్ స్క్రీన్ మీద డబ్బు తగలేయకు. 1920 బై 1200 చాలు. మిగిలిన డబ్బుతో 27 అంగుళాల 2560 బై 1440 మానిటర్ కొనుక్కో. అది 100 శాతంలోనే హాయిగా చదవొచ్చు, అన్ని పిక్సెల్సూ పనికొస్తాయి. రెండు డాక్యుమెంట్లు పక్కపక్కన పెట్టుకోవచ్చు.

హోస్ట్: కొనేముందు స్పెక్ షీట్‌లో ఇంకేమైనా చూడాలా?

అతిథి: వెలుతురు. నిట్స్ అని రాస్తారు. 250 నిట్స్ స్క్రీన్ కిటికీ పక్కన కూర్చుంటే వెలవెలపోతుంది, కనీసం 300 ఉండాలి, 400 అయితే ఇంకా మంచిది. 250 నిట్స్ 4కె, 400 నిట్స్ ఫుల్ హెచ్‌డీ పక్కపక్కన పెడితే నేను రెండోదే తీసుకుంటా.