ఆవు పోయిన మూడో రోజు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, అటవీశాఖ సిబ్బందికి, దోర్నాల, పెద్దారవీడు, అర్ధవీడు వైపు నుంచి పనులు మానుకుని మార్కాపురం దాకా వచ్చిన రైతులకు, గూడేల నుంచి వచ్చిన చెంచు అన్నలకు, అక్కలకు, కాలేజీ పిల్లలకు. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ, నాకిచ్చిన ఇరవై నిమిషాలూ దానికే సరిపోతాయి. మన్నించండి.

ఈ రోజు జులై 29, పులుల దినోత్సవం. పులులు లేని అడవుల్లోకి పులుల్ని మళ్లీ తెచ్చే పని గురించి మాట్లాడమన్నారు. నేను శాస్త్రవేత్తను కాను. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరి, ముప్పై నాలుగేళ్లు ఈ నల్లమల అంచు ఊళ్లలోనే తిరిగి రిటైరైనవాణ్ణి. పులి చంపిన గొడ్లను చాలా చూశాను. ఆ గొడ్డు పక్కన కూలబడిన మనిషినీ ప్రతిసారీ చూశాను. అందుకే కాబోలు నన్ను పిలిచారు.

రాజస్థాన్‌లో సరిస్కా అనే అడవి ఉంది. వేటగాళ్ల దెబ్బకు 2004, 2005 నాటికి అక్కడ ఒక్క పులి కూడా మిగల్లేదు. 2008లో ఆ రాష్ట్రంలోనే ఉన్న రణథంబోర్ అడవి నుంచి పులిని హెలికాప్టర్లో తెచ్చి వదిలారు. మధ్యప్రదేశ్‌లోని పన్నాలోనూ పులులు ఖాళీ అయితే 2009 నుంచి తెచ్చి వదలడం మొదలుపెట్టారు. తల్లిలేని రెండు ఆడకూనలను ఆ రాష్ట్రంలోనే ఉన్న కాన్హా అడవిలో పెంచి, వేట అలవాటు చేసి, 2011లో పన్నాలో విడిచిపెడితే అవి పిల్లల్ని కన్నాయి. 2022లో నమీబియా నుంచి కూనో అడవికి చీతాలొచ్చిన సంగతి మీకు తెలుసు. పిల్లలూ, చీతా అంటే మన చిరుతపులి కాదు. మన దేశంలో చీతాలు పూర్తిగా పోయాయని 1952లోనే ప్రకటించారు.

ఇవన్నీ వినడానికి బాగుంటాయి. ఒడిశాలోని సత్కోసియా కథ మాత్రం ఎవరూ ఎక్కువగా చెప్పరు. 2018లో అక్కడికి కాన్హా నుంచి మహావీర్ అనే మగపులిని, బాంధవ్‌గఢ్ నుంచి సుందరి అనే ఆడపులిని తెచ్చారు. ఆ ఏడాది నవంబరులో మహావీర్ చచ్చిపడి కనిపించింది. సుందరి మనుషుల్ని చంపిందని ఊళ్లు తిరగబడ్డాయి. దాన్ని పట్టి కంచె వేసిన ఎన్‌క్లోజర్‌లో పెట్టారు. రెండేళ్లకు పైగా అందులోనే ఉంచి, 2021లో మళ్లీ మధ్యప్రదేశ్‌కు పంపేశారు. పులిని మత్తిచ్చి లారీలో తేవడం చేతనైంది. చుట్టుపక్కల ఊళ్లను ఒప్పించడం చేతకాలేదు. ఆ ఊళ్లవాళ్లు చెడ్డవాళ్లా? కాదు. మనలాంటివాళ్లే.

మన సంగతికొస్తే, నల్లమలకు పులిని ఎవరూ లారీలో తేలేదు. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరిన అడవి ఇది. మధ్యలో ఎన్ని కష్టాలొచ్చినా పులి ఇక్కడ పూర్తిగా పోలేదు. 2018 లెక్కల్లో మన రాష్ట్రంలో 48 పులులుంటే 2022 లెక్కల్లో 63 తేలాయి. అడుగుజాడ చూసి ఆడదో మగదో చెప్పగల చెంచులు కాపలా కాస్తున్నారు. అదిగో, ఆ మూల కూర్చున్నవాళ్లలో ఇద్దరితో నేను అడవి తిరిగాను. వాళ్ల కోసం ఒకసారి చప్పట్లు కొట్టండి. గట్టిగా కొట్టండి.

పెరిగిన పులులు ఒకచోట ఉండవు. పిల్ల రెండేళ్లదయ్యాక తల్లిని విడిచి సొంత చోటు వెతుక్కుంటుంది. అట్లా దక్షిణంగా లంకమల, శేషాచలం వైపు నడుస్తాయి. అక్కడ పులులు మళ్లీ నిలవాలంటే బోనులూ లారీలూ అక్కర్లేదు, దారి ఉంటే చాలు. ఆ దారిలో మన పొలాలున్నాయి. అడవిపందుల కోసం కంచెకు కరెంటు తగిలిస్తున్నారు. చేయకండయ్యా. ఆ తీగకు పందొక్కటే పడదు. పులి పడుతుంది, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికొచ్చిన మీ తమ్ముడూ పడతాడు.

నేను కాగితం మీద ఇంకా చాలా రాసుకొచ్చాను. అది పక్కన పెడతాను. ఒక ఆవు గురించి చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, అడవిని ఆనుకున్న ఒక ఊళ్లో ఒక అవ్వ ఆవును పులి పట్టింది. చూలు ఆవు. డాక్టరుగారు ఊళ్లో లేరని ముందు నన్ను పంపారు. వాగు పక్క పొదల్లోకి ఈడ్చుకుపోయి ఉంది. గొంతు మీద కోరల గుర్తులు, తొడ దగ్గర్నుంచి తినడం మొదలుపెట్టి ఉంది. చిరుతైతే ఎక్కువగా పొట్ట దగ్గర మొదలుపెడుతుంది. ఇది పెద్దపులే. నేను రాసుకున్నాను. పంచనామా కావాలి, ఫొటో కావాలి, డాక్టరుగారి సంతకం కావాలి, ఆవు ధర కట్టాలి. అవ్వ ఒకటే అడిగింది, "డబ్బులు ఎప్పుడొస్తాయి నాయనా?" వస్తాయవ్వా అన్నాను.

పులి ఒక్క పూటలో ఆవును తినదు. దాచుకుని రెండో రాత్రి వస్తుంది, మూడో రాత్రి వస్తుంది. ఊళ్లో అందరికీ అది తెలుసు. మూడో రోజు సంతకం సంగతి చెప్పడానికి మళ్లీ అవ్వ ఇంటికి వెళ్లాను. అవ్వ కొడుకు ఇంట్లో లేడు. అరుగు మీద గుళికల మందు ప్యాకెట్ ఉంది, మూతి కత్తిరించి ఉంది. అది చేనికి తెచ్చింది కాదని నాకు అర్థమైంది. ఆ పేదింటి మీద జాలితో, పులి మీద కోపంతో, ఏమీ అడగకుండా సైకిలెక్కి వచ్చేశాను.

మర్నాడు వాగు దగ్గర పులి చచ్చిపడి ఉంది. నీళ్ల కోసం వచ్చి అక్కడే పడిపోయింది. ఆడపులి. పోస్టుమార్టంలో డాక్టరుగారికి సాయం పట్టింది నేనే. పొదుగులో పాలున్నాయి. పిల్లల కోసం నాలుగు రోజులు వెతికారు. దొరకలేదు.

ఆ కొడుకు మీద కేసైంది. అవ్వకు ఆవు డబ్బులు పదకొండు నెలలకు వచ్చాయి. ఆ ఆఫీసు పేరు చెప్పను, ఇప్పుడు అక్కడ ఎవరున్నారో నాకు తెలియదు. డబ్బులొచ్చిన రోజు అవ్వ నన్ను అడిగింది, "ఆ పిల్లలు దొరికినాయా నాయనా?" అని.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులికూనలు దొరికితే మీరంతా టీవీల్లో చూశారు. ఊరివాళ్లు వాటిని కుక్కల నుంచి కాపాడారు, పాలు పట్టారు. తల్లితో కలపాలని చూసి, కుదరక, తిరుపతి జూకి పంపారు. నేను టీవీ ముందు నుంచి లేవలేదు. నా భార్య భోజనానికి పిలుస్తూనే ఉంది.

అందుకే చెబుతున్నాను. పులి మన దగ్గర బతుకుతుందా లేదా అన్నది ఢిల్లీలో తేలదు. ఆవు పోయిన ఇంట్లో, మొదటి రోజుకూ మూడో రోజుకూ మధ్య తేలుతుంది. ఆ మూడు రోజుల్లో ఎవరైనా వచ్చి కొంత డబ్బు చేతిలో పెడితే మందు ప్యాకెట్ విప్పరు. ఇది నా ఊహ కాదు. ఉత్తరాఖండ్‌లో కార్బెట్ చుట్టుపక్కల ఊళ్లలో ప్రభుత్వ పరిహారం వచ్చేలోపు స్వచ్ఛంద సంస్థలు వెంటనే కొంత డబ్బు ఇస్తున్నాయి. కర్ణాటకలో బండీపుర, నాగరహొళె దగ్గర 2015 నుంచి ఒక ఫోన్ నంబరు పెట్టి, ఫోన్ చేస్తే మనిషి ఇంటికొచ్చి దరఖాస్తు రాసిపెట్టే పని చేస్తున్నారు. మనకెందుకు ఉండకూడదు? సార్, ముందు వరసలో ఉన్నారు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. బీటు స్థాయిలో, అంటే ఫారెస్టు గార్డు చూసుకునే పరిధిలోనే కొంత నగదు ఉంచి, సగం అయినా అక్కడికక్కడే ఇచ్చే వీలు చూడండి. మిగతా సగానికి కాగితాలు తిప్పుకోండి.

పులి వల్ల ప్రాణభయం లేదని నేను అనను. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపను చంపింది. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి పులుల గొప్ప చెప్పే ధైర్యం నాకు లేదు. భయం నిజం. కాబట్టి జాగ్రత్త కూడా నిజంగానే పడాలి. మేకలకు పైకప్పున్న దొడ్డి కావాలి. చూలు గొడ్డును అడవిలో వదలొద్దు. మసక చీకట్లో పిల్లల్ని ఒంటరిగా వాగు వైపు పంపొద్దు. ఇంటింటికీ మరుగుదొడ్డి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

పిల్లలూ, మీ అందరి దగ్గరా ఫోన్లున్నాయి. మీ ఊళ్లో గొడ్డు పోతే అక్కడ జనం గుమిగూడకముందే ఫొటో తీయండి. గొంతు దగ్గర ఒకటి, తిన్నచోట ఒకటి, చుట్టూ నేల మీద అడుగులు ఉంటే అవి. అదే రోజు బీటు ఆఫీసరుకు చెప్పండి. గొడ్డు పోయిన రైతుకు ఆ తెలివి ఉండదు, ఏడుస్తూ ఉంటాడు. మీరు రాసిపెట్టండి.

టైమైందని చీటీ పంపారు, చూశాను. ఇంకొక్క మాట. బయట టీలు ఇచ్చే బల్ల దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాను. గొడ్డు పోయి పరిహారం రానివాళ్లు ఊరి పేరు, ఏ రోజు పోయింది, కాగితం ఎక్కడ ఆగింది రాసివెళ్లండి. రాయడం రాకపోతే నేను అక్కడే ఉంటాను, చెప్పండి, రాస్తాను. సోమవారం పొద్దున ఆ బుక్కు పట్టుకుని ఆఫీసుకు వెళ్తున్నాను. వీలైనవాళ్లు నాతో రండి.