గడ్డి ఎప్పుడు కొయ్యాలి?

అందరికీ నమస్కారం. వృక్షశాస్త్రం మేష్టారు మాట్లాడతాడంటే మొక్కలు నాటమని చెబుతాడనుకుని వచ్చి ఉంటారు. నేను కొన్నిచోట్ల నాటొద్దని చెప్పడానికి వచ్చాను.

ముందు మీ సాక్సులు ఒకసారి చూసుకోండి. ఇది డిసెంబరు. గ్రౌండు మీదుగా అడ్డదారిన వచ్చినవాళ్లకి సన్నటి ముల్లులాంటి గింజలు గుచ్చుకుని ఉంటాయి. అందరూ తిట్టుకుంటూ పీకి పారేసే గింజే అది. ఈసారి పారేయకండి. అరచేతిలో పెట్టుకుని రెండు నీటి చుక్కలు వేయండి. దాని తోక మెలి మెల్లగా విప్పుకుంటూ తిరుగుతుంది, ఆరితే మళ్లీ మెలి పడుతుంది. వాన పడినప్పుడల్లా, ఎండ కాసినప్పుడల్లా అలా తిరుగుతూ ఆ గింజ తనంతట తానే నేలలోకి దిగబడుతుంది. దుక్కి, నాగలి అక్కర్లేదు. వర్షాకాలం మొదలయ్యేసరికి అది మట్టిలో సిద్ధంగా ఉంటుంది. మీ సాక్సుని అది నేల అనుకుంది, అంతే.

ఆ గడ్డి ఉన్న చోటుని మన కాగితాల్లో ఏమని రాస్తారు? ‘ఖాళీ స్థలం’. ఇంకా పాత కాగితమైతే ‘బంజరు’. పన్ను రాని భూమిని వేస్ట్‌లాండ్ కింద రాసుకోవడం తెల్లదొరల కాలం నుంచి వచ్చిన అలవాటు. మన దేశంలో గడ్డి నేలలు చాలావాటిని అడవి పోయి మిగిలిన ఎముకల గూడులా చూడటం అప్పుడే స్థిరపడింది. అక్కడ అసలు అడవే లేకపోవచ్చు, ఎప్పటినుంచో గడ్డే ఉండి ఉండొచ్చు అన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. అందుకే జులై వచ్చేసరికి ఎక్కడ గడ్డి కనిపిస్తే అక్కడ గుంటలు తవ్వుతాం. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ గారు ఏటా మొక్కలు నాటే వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి ఉద్దేశం మంచిదే. కానీ గుంట పక్కన నిలబడి ఫొటో దిగినంత సులువుగా గడ్డి పక్కన నిలబడి దిగలేం కదా!

గడ్డి నేలని పనిగట్టుకుని కాపాడిన విశ్వవిద్యాలయం ఒకటుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ ఊరు. అక్కడి పొడుగు గడ్డి మైదానాలని ప్రెయరీ అంటారు. నాగలి దిగాక వాటిలో మిగిలింది నూటికి నాలుగు వంతులు కూడా లేదు. 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఆ విశ్వవిద్యాలయం వాళ్లు పాత పొలం ఒకటి తీసుకుని, ఉపాధి పథకం కింద వచ్చిన కుర్రాళ్లతో దాన్ని మళ్లీ ప్రెయరీగా మార్చడం మొదలుపెట్టారు. ఆల్డో లియోపోల్డ్ లాంటి పెద్ద పర్యావరణవేత్త ఆ పని వెనక ఉన్నారు. నాటారు, విత్తారు, అయినా పరాయి గడ్డి ఎగబాకుతూనే ఉంది. 1940లలో జాన్ కర్టిస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు నిప్పు పెట్టి చూశారు. అప్పుడు తిరిగింది కథ. ప్రెయరీ మొక్కల ప్రాణం నేల కింద ఉంటుంది. కొన్నింటి వేర్లు పది అడుగులు దాటి దిగుతాయి. పైన కాలినా కింద నుంచి చిగురిస్తాయి. తుప్పలకీ పరాయి గడ్డికీ ఆ బలం లేదు. ఇప్పుడు దాన్ని కర్టిస్ ప్రెయరీ అంటారు. డెబ్బై ఎకరాలకి పైనే ఉంటుంది.

అయితే మనమూ అంటించేద్దామా? వద్దు బాబూ. హాస్టళ్ల మధ్య, మార్చి గాలిలో అగ్గిపుల్ల గీస్తే ఫైరింజను వస్తుంది, దాని వెనక నాకు నోటీసు వస్తుంది. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది నిప్పు కాదు, పైగడ్డిని ఎప్పుడు తీసేయాలన్న అదను.

మన విశాఖ నేల సంగతి చూడండి. మన కొండలు ఖోండలైట్ రాయి. ఖోండు గిరిజనుల పేరు మీద ఆ రాయికి ఆ పేరు పెట్టారు. అది చివికి ఎర్రమట్టి అవుతుంది. ఆ మట్టికి కప్పు లేకపోతే వాన ఏం చేస్తుందో భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ గాడులు చూడ్డానికి అందంగా ఉంటాయి, సరే. అవే మన హాస్టలు వెనక వాలులో పడితే అందం కనిపించదు. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం తర్వాత వాల్తేరు ఎత్తులకి చేరింది. ఆ ఎత్తుల మీద పడ్డ ప్రతి చినుకూ ఏదో ఒక గెడ్డ వెతుక్కుంటూ సముద్రానికి పరిగెడుతుంది. దాన్ని కాసేపు ఆపి నేలలోకి ఇంకించేది గడ్డి మొదళ్లే. కంబాలకొండ మీద పచ్చదనానికీ ముడసర్లోవ చెరువులో నీళ్లకీ సంబంధం ఉన్నట్టే ఇదీను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. పాతికేళ్లు పనిచేసిన కాలేజీలో, పేరెందుకు లెండి, ఒక ఎకరం కోయకుండా వదలమని పోరాడి ఒప్పించాను. రెండేళ్లకి తంగేడు వచ్చింది, వెంపలి వచ్చింది, గడ్డి అడుగున నీలి కళ్లలా విష్ణుక్రాంతం పూసింది. గట్టు మీద ఈతచెట్టుకి గిజిగాళ్లు గూళ్లు కట్టాయి. గడ్డి పోచలు చీల్చుకుపోతుంటే పిల్లలు క్లాసు మానేసి చూసేవాళ్లు, నేను ఏమీ అనేవాణ్ణి కాదు. మూడో ఏడు అక్టోబరులో తనిఖీ బృందం వస్తోందన్నారు. ఒక్క రాత్రిలో జేసీబీ పెట్టి నున్నగా గీకేశారు. గింజ రాలకముందే! మరుసటి వానలకి ఆ ఎకరం నిండా వయ్యారిభామ కలుపే.

నాకు కోపం వచ్చింది కానీ, తప్పులో సగం నాదే. ఎందుకు వదిలామో తోటపని వాళ్లకి నేను ఒక్కనాడూ చెప్పలేదు. ఒక బోర్డు కూడా పెట్టలేదు. ఆ తర్వాత పెడదామంటే తోటపని చేసే ఆవిడ నవ్వింది: “ఏటి మేష్టారూ, గడ్డికీ బోర్డెట్టాలా? మొదలంటా గీకేస్తే వయ్యారిభామ వస్తాది. కొడవలితో కోస్తే గడ్డే వస్తాది. ఆ మాత్రం మమ్మల్నడిగితే చెప్పీవాళ్లం కదా.” పుస్తకాల్లో నేను పది పేజీలు చదివిన సంగతి ఆవిడ రెండు వాక్యాల్లో చెప్పేసింది.

కాబట్టి అసలు విషయానికి వస్తాను. జూన్‌లో తొలకరి నుంచి గడ్డిని ముట్టుకోవద్దు. పూత, గింజ, రాలడం అన్నీ అయ్యేసరికి డిసెంబరు దాటుతుంది. జనవరి, ఫిబ్రవరి కోతకాలం. కొడవలితోనో బ్రష్‌కట్టరుతోనో, జానెడు మొదలు ఉంచి కొయ్యాలి. కోసిన గడ్డిని అక్కడే వదిలేయకూడదు. అది పరుపులా పేరుకుంటే కింద చిన్న పూలమొక్కలకి ఊపిరాడదు, ఎండాకాలంలో బీడీ ముక్క పడితే అంటుకుంటుంది. పాడి ఉన్నవాళ్లని పిలిస్తే వాళ్లే పట్టుకుపోతారు. ఇంకోటి, మొత్తం ఒక్కసారి కొయ్యకండి. మూడు ముక్కలు చేసి ఏటా రెండే కోసి, ఒకటి వంతులవారీగా వదలండి. గుడ్లు, గొంగళ్లు, గింజలు అందులో దాక్కుంటాయి. మార్చి నుంచి ఆగస్టు దాకా యంత్రాలు దించొద్దు. తీతువు పిట్ట వట్టి నేల మీద, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టే కాలం అది. దాని గుడ్లు తొక్కేదాకా కనపడవు.

కలుపు గురించి మాత్రం మొహమాటం వద్దు. వయ్యారిభామని పూత రాకముందే, తడి నేలలో, చేతులకి గ్లౌజులు వేసుకుని వేర్లతో సహా పీకాలి. 1950లలో పుణె దగ్గర తొలిసారి కంటపడిన మొక్క ఈనాడు లేని ఊరు లేదు. లాంటానా తుప్పని పైపైన నరికితే మళ్లీ పిలకలు వేస్తుంది. నేలకి రెండంగుళాల కింద తల్లివేరు దగ్గర తెంపి, తుప్పని తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. సర్కారు తుమ్మ కూడా అంతే మొండిది.

“పాములొస్తాయి సార్” అంటారు. వస్తాయి. రక్తపింజర, నాగుపాము ఉన్న ఊరు మనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. అందుకే భవనాల చుట్టూ, దారుల పక్కన రెండు మీటర్ల మేర ఎప్పుడూ పొట్టిగా కోసి ఉంచాలి. రాత్రి టార్చి లేకుండా నడవకూడదు. కానీ క్యాంటీన్ వెనక అన్నం పారబోస్తే ఎలకలు, ఎలకల వెనక పాములు వస్తాయి. దానికి గడ్డిని నిందించకండి. డెంగీ దోమ మీ కూలర్లో, పూలకుండీ కింద పళ్లెంలో పుడుతుంది, గడ్డిలో కాదు.

చెట్ల మీద నాకు పగేమీ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో నీడ లేని రోడ్లు చూసి ఏడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ కంగారులో త్వరగా పెరిగేవి ఏవి దొరికితే అవి నాటాం. రోడ్ల పక్కన వేప, కానుగ, పొగడ, నేరేడు నాటండి, నీళ్లు పోయండి, నేనూ వస్తాను. గడ్డి వాలుల్లో మాత్రం గునపం దించకండి. అక్కడ తాటి, ఈత వాటంతటవే వస్తే వచ్చాయి.

ఈ హాలు వెనక, నీళ్ల ట్యాంకు పక్కన ఒక అరెకరం చూసి వచ్చాను. ఈ ఏడాది ఎవరూ కొయ్యలేదు, ఎందుకో తెలీదు, బహుశా మర్చిపోయారు. జనవరి మూడో వారం కోత మొదలుపెడదామని మీ రిజిస్ట్రార్ గారిని అడిగాను, సరే అన్నారు. ఎంత ఎత్తున కొయ్యాలో తోటమాలి చూపిస్తారు. కొడవలి పట్టడం వచ్చినవాళ్లు పేర్లు ఇవ్వండి. రానివాళ్లకి గడ్డి మోసే పని ఉంది.