స్కాన్ కాపీతో పాటు వర్డ్ ఫైలు కూడా పంపండి

అందరికీ నమస్కారం. బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటుకుని వచ్చారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నాకు మొదట రేచీకటి, తర్వాత పగటి చూపూ పోయింది, అదీ సర్వీసులో ఉండగానే. ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని ఇంట్లో ఒకటే టెన్షన్. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చదివాక కాస్త ఊపిరి ఆడింది: సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని కుదరకపోతే అదే పే స్కేలుతో వేరే సీటుకు మార్చాలి. సరే, సీటు దక్కింది, అందులో కూర్చుని ఏం చేయాలి?

అప్పుడు దొరికింది ఎన్‌వీడీఏ. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెడితే జేమ్స్ టెహ్ తోడయ్యాడు, ఇద్దరికీ చూపు లేదు. తెలుగూ చదువుతుంది, కాకపోతే మన యాస ఆశించకండి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి ఆఫీసు సెక్షన్‌లో మాటలకి. ఇప్పుడు నేను పెట్టుకునే స్పీడుకి పక్క సీటాయనకు ఒక్క ముక్క అర్థం కాదు.

ఇక అసలు బాధ. సర్క్యులర్ టైపు చేస్తారు, ప్రింట్ తీస్తారు, సంతకం పెట్టి స్టాంపు కొడతారు, మళ్లీ దాన్నే వంకరగా స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. మీకది అక్షరాలు, నా సాఫ్ట్‌వేర్‌కి ఉత్త ఫొటో, నోరు మెదపదు. తెలుగు ఫైలైతే ఇంకా ఘోరం. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది పైకి తెలుగులా కనిపిస్తుందిగానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, అది చదువుతుంటే పూనకం వచ్చినట్టే ఉంటుంది. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లో కొడితే ఈ గోల లేదు.

ఓసారి నా మెడికల్ బిల్లు వెనక్కొచ్చింది, కారణం రాసిన కాగితం స్కాన్ కాపీ. అటెండర్‌ని చదవమన్నాను. మంచివాడే పాపం, గొంతే పెద్దది. నా జబ్బేమిటో సెక్షనంతటికీ తెలిసిపోయింది. ఫొటోలోంచి అక్షరాలు లాగే ఓసీఆర్ ఉందిగా అంటారు. ఉంది, వాడతాను, కానీ స్టాంపు పడ్డ చోట 3ని 8 అని చదివితే ఆ బిల్లుకు పూచీ ఎవరిది?

సంతకం ఉన్న కాపీ వద్దనను. టైపిస్టు దగ్గర ఎలాగూ ఉండే వర్డ్ ఫైలు కూడా జత చేయండి. ర్యాంపు కట్టాలంటే టెండర్లు, బడ్జెట్లు, దీనికి ఒక్క అటాచ్‌మెంట్.

ల్యాప్‌టాప్ తెచ్చాను, ఒకే సర్క్యులర్ రెండు రకాలుగా తెరుస్తాను. స్పీకర్ నా స్పీడులోనే పెడుతున్నా. అర్థం కాకపోతే చెయ్యి ఎత్తకండి, నాకు కనపడదు, నోటితో చెప్పండి, తగ్గిస్తా.